నొప్పి పెట్టని సూది

మా మేనత్త మార్తమ్మ పోయిన పదిరోజులకి బాపట్ల నుంచి సుధాకర్ ఫోన్ చేశాడు. సుధాకర్ మా చిన్నాన్న కొడుకు. పెళ్ళి చేసుకోకుండా ఉండిపోయిన అత్తను చివరి పదేళ్ళూ తన ఇంట్లో పెట్టుకుని చూసుకున్నవాడు. "ఆదివారం ఆరాధన అయ్యాక జ్ఞాపకార్థ కూడిక పెట్టామక్కా. చర్చి అయ్యగారు నీ పేరు ముందే రాసేసుకున్నారు. అత్త సూదుల సంగతి నువ్వు చెబితేనే బాగుంటుంది" అన్నాడు. సరే అన్నాను. మా బంధువర్గంలో అత్త సూదుల సంగతి తెలియనివాళ్ళు లేరు. ఇంట్లోకి కొత్త కోడలు వచ్చిందంటే ఎవరో ఒకరు ఆమెను కూర్చోబెట్టి చెబుతారు: విమలకి చిన్నప్పుడే గుండెజబ్బు, బాపట్ల నుంచి రేపల్లెకి మూడు వారాలకొకసారి బస్సెక్కి వచ్చి, పన్నెండేళ్ళపాటు ఒక్క సూది కూడా తప్పకుండా వేసి మేనత్తే బతికించుకుంది అని. ఆ కథలో బతికిన పిల్లను నేనే. అది నిజం కాదని తెలిసినదాన్ని కూడా, అప్పటికి నేననుకున్నంతలో, నేనొక్కదాన్నే.

రేపల్లెలో మాది రైలుకట్టకి దగ్గరగా ఉన్న పెంకుటిల్లు. నాన్న మిషన్ ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరు. ఆయన దగ్గరికి వెళితే సుద్దముక్క వాసన, గంజి పెట్టిన చొక్కా వాసన కలిసి వచ్చేవి. శనివారం సాయంత్రం వసారాలో దుప్పటి పరిచి, ఇత్తడి ఇస్త్రీపెట్టెలో బొగ్గులు నింపి, ఆదివారం చర్చికి వేసుకునే బట్టలు మా అందరివీ ఆయనే ఇస్త్రీ చేసేవాడు. ఆ పని అమ్మకి ఇచ్చేవాడు కాదు, కాలర్ దగ్గర ముడత ఉంచేస్తుందని. అమ్మ లోకం వంటిల్లు. నిజాంపట్నం నుంచి గంపలు నెత్తిన పెట్టుకుని వచ్చే ఆడవాళ్ళు మా గుమ్మం ముందు ఆగకుండా వెళ్ళేవాళ్ళు కాదు. అమ్మ చేప మొప్ప ఎత్తి చూసి, "నిన్నటిది పెట్టావేంటమ్మా" అని తిప్పి పంపేది. మళ్ళీ వాళ్ళే వారం తిరక్కుండా మంచి చేప తెచ్చి, "నీకోసమే ఉంచానక్కా" అనేవాళ్ళు. వర్షాకాలంలో ఇల్లంతా ఎండుచేపల వాసన, తడిసిన పెంకుల వాసన. ఇప్పటికీ తెనాలిలో ముసురు పట్టిన రోజున ఆ వాసన ఎక్కడి నుంచో వచ్చి నన్ను ఆ వసారాలో నిలబెడుతుంది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు గొంతునొప్పి వచ్చి తగ్గింది. దాన్ని ఎవరూ లెక్కచెయ్యలేదు. మూడు వారాల తర్వాత ఒకరోజు పొద్దున్న మంచం దిగబోతే కుడి మోకాలు కొబ్బరికాయంత వాచి ఉంది. రెండు రోజుల్లో అది తగ్గి ఎడమ మడమ వాచింది, తర్వాత మణికట్టు. ఒళ్ళు కాలిపోతుండగా నాన్న నన్ను ఎత్తుకుని రైలెక్కించి గుంటూరు తీసుకెళ్ళాడు. డాక్టరు నా ఛాతీ మీద చల్లటి గొట్టం పెట్టి చాలాసేపు కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత నాన్నను వరండాలోకి తీసుకెళ్ళి మాట్లాడాడు. ఆయన చెప్పింది నాకు ముక్కలు ముక్కలుగా ఇంటికొచ్చాక తెలిసింది. ఇది కీళ్ళలో మొదలై గుండెకి తగిలే జ్వరం. ఇప్పటికి కొంచెమే తగిలింది. మళ్ళీ రాకుండా ఇరవయ్యొకటేళ్ళు నిండేదాకా మూడు వారాలకొక పెన్సిలిన్ సూది వేయించాలి. తప్పితే జ్వరం మళ్ళీ వస్తుంది, వచ్చిన ప్రతిసారీ గుండె లోపలి కవాటం మీద మచ్చ పడుతుంది, మచ్చలు పడి పడి అది అతుక్కుపోతుంది. "సూది ఎవరు వేస్తారు?" అని అమ్మ అడిగితే నాన్న గర్వంగా, "మన మార్త ఉండగా బెంగేంటి?" అన్నాడు. అత్త బాపట్లలో ఒక నర్సింగ్‌హోంలో నర్సు.

అలా మూడో ఆదివారం అంటే మా ఇంట్లో అత్త వచ్చే రోజయింది. పిట్టలవానిపాలెం మీదుగా వచ్చే మొదటి బస్సుకి దిగేది. తెల్ల చీర, నల్ల గొడుగు, ముఖం లోపలివైపుకి తిప్పి కట్టుకున్న గడియారం. రాగానే చెప్పులు గుమ్మం బయట జతగా పెట్టి, ఎర్ర సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడిగేది. స్టీలు పెట్టెలో గాజు సిరంజి, సూదులు పెట్టి కిరసనాయిలు స్టవ్ మీద మరిగించేది. ఆ నీళ్ళు కుతకుతలాడే చప్పుడుకే నేను మంచం కిందికి దూరేదాన్ని. చిన్న సీసాలో తెల్లటి పొడిలో నీళ్ళు కలిపి, రెండు అరచేతుల మధ్య చల్లకవ్వంలా తిప్పేది. మందు పాలలా చిక్కగా తయారయ్యేది. అది లోపలికి వెళుతుంటే తొడలో ఎవరో కంకరరాయి దింపుతున్నట్టు ఉండేది. ఆ నొప్పి ఆ రోజుతో పోయేది కాదు. సోమవారం బడికి కుంటుకుంటూ వెళ్ళేదాన్ని. నేను కేకలు పెట్టి ఏడుస్తుంటే అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయేది. నాన్న నా తల పట్టుకుని, నా ఏడుపు మీదుగానే గొంతు పెంచి ప్రార్థన చేసేవాడు: ప్రభువా, ఈ మందును దీవించు, ఈ సూదిని నీ చెయ్యిగా చెయ్యి అని. తర్వాత అందరం చర్చికి. అత్త పక్కన కూర్చుని, నొప్పి ఉన్న వైపు బరువు పడకుండా నన్ను తన ఒడిలోకి వంచుకునేది.

అలా రెండేళ్ళు గడిచాయి. నాకు పదకొండు నిండిన కొత్తలో ఒక ఆదివారం అత్త ఆలస్యంగా, రెండో బస్సుకి వచ్చింది. ముఖం జ్వరం పడి లేచినదానిలా ఉంది. నాన్న, ఆమె పెరట్లో మునగచెట్టు కింద నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ తర్వాత అత్త నా దగ్గరికొచ్చి, "విమలా, కొత్త మందు వచ్చిందే. నొప్పి పుట్టదు, చూడు" అంది. ఆ రోజు మందును గదిలో తలుపు దగ్గరగా వేసుకుని కలిపింది. నేను అలవాటుగా కళ్ళు గట్టిగా మూసుకుని, దిండు కొరుక్కుని కాచుకున్నాను. చీమ కుట్టినట్టయింది. అంతే. "అయిపోయిందా?" అన్నాను. "అయిపోయింది" అంది. నేను లేచి ఆమె మెడ చుట్టూ చేతులు వేసి ముద్దులు పెట్టాను. ఆ రోజు చర్చికి నడిచి వెళ్ళానో ఎగిరి వెళ్ళానో నాకే తెలియదు. బడిలో అందరికీ చెప్పాను, మా అత్త చెయ్యి దేవుడి చెయ్యి, మా అత్త సూది నొప్పి పుట్టదు అని. ఆ తర్వాత పదేళ్ళు ఆ మాటే చెబుతూ తిరిగాను.

ఆ పదేళ్ళలో రెండు సంగతులు జరిగాయి. అప్పుడే నాకు అనుమానం రావలసింది. పదమూడో ఏట వానలు మొదలైన రోజుల్లో మళ్ళీ జ్వరం వచ్చి మోకాళ్ళు వాచాయి. నాన్న ఈసారి గుంటూరు తీసుకెళ్ళలేదు. "వానలకి వచ్చిన జ్వరం" అన్నాడు. అత్త సెలవు పెట్టి వారం రోజులు నా మంచం పక్కనే ఉంది. మాత్రలిచ్చింది, ఉప్పు కాపడం పెట్టింది, నేను నిద్రపోతున్నాననుకుని ఏడ్చింది. నామీద ఎంత ప్రేమో అనుకున్నాను. రెండోది, తెనాలిలో కాలేజీలో చేరినప్పుడు హాస్టలు వార్డెను నాన్నతో, "మూడు వారాలకోసారి అంతదూరం ఎందుకండీ, ఆ సూది ఇక్కడే మా డాక్టరుగారి చేత వేయిస్తాం" అంది. నాన్న ఎప్పుడూ ఎవరి మీదా గొంతు పెంచని మనిషి. ఆ రోజు మాత్రం, "అవసరం లేదండి. మా చెల్లెలు వేస్తుంది. మా పిల్లకి ఇంకెవరూ సూది వెయ్యకూడదు" అని గట్టిగా అనేశాడు. నేను వార్డెను ముందు సిగ్గుపడ్డాను. మా ఇంటి మనుషుల పట్టుదలకి లోపల మురిసిపోయాను కూడా.

ఇరవయ్యొకటి నిండాయి. సూదులు ఆగిపోయాయి. ఆ ఆదివారం నాన్న దేవునికి కృతజ్ఞత కూడిక పెట్టి, అత్తకి శాలువా కప్పాడు. నాకు తెనాలిలోనే తెలుగు పంతులమ్మ ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, ఒక కూతురు పుట్టింది. ఆ కాన్పులో ఊపిరి ఆడక చచ్చి బతికాను. రక్తం తక్కువన్నారు. నాన్న నా ముప్పై రెండో ఏట పోయాడు. అమ్మ మా ఇంటికొచ్చేసింది. ముప్పై అయిదు దాటాక స్కూల్లో మేడమీది తరగతికి వెళ్ళాలంటే మధ్యలో ఒకసారి ఆగి, కిటికీలోంచి ఏదో చూస్తున్నట్టు నటించి, మళ్ళీ ఎక్కేదాన్ని. ఉబ్బసం అన్నారు, ఏడాదిపాటు పీల్చే మందులు వాడాను. పడుకుంటే దగ్గు. రెండు దిండ్లు, తర్వాత మూడు. ఒకరోజు దగ్గితే చేతిరుమాలులో ఎర్రగా పడింది. అప్పుడు మా ఆయన గుంటూరు తీసుకెళ్ళాడు.

అక్కడ గుండె డాక్టరు ఎకో తీస్తూ తెరను నావైపుకి తిప్పాడు. నలుపు తెలుపుల మధ్య ఏదో తెరుచుకోవడానికి పెనుగులాడుతోంది. "ఇది మీ మైట్రల్ కవాటం అమ్మా. రెండు వేళ్ళు హాయిగా పట్టాల్సిన దారి. ఇప్పుడు పెన్సిల్ కూడా కష్టంగా దూరుతుంది. చేప నోరు చూశారా, అలా అయిపోయింది" అన్నాడు. రేపల్లె పిల్లకి చేప నోరు గురించి చెప్పక్కర్లేదు. ఛాతీ కొయ్యకుండానే తెరవొచ్చని, తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం గుండెదాకా పంపి, దాని కొసన ఉన్న బెలూన్‌ను కవాటం మధ్య పెట్టి ఉబ్బిస్తారని, అతుక్కున్న అంచులు విడిపోతాయని చెప్పాడు. తర్వాత అడిగాడు: "చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చిందా? సూదులు వేయించుకున్నారా?" నేను ఎప్పటిలాగే గర్వంగా చెప్పాను, పన్నెండేళ్ళండి, మా అత్త నర్సు, ఒక్కటీ తప్పలేదండి అని. ఆయన కలం ఆపి నా ముఖంలోకి చూశాడు. "ఒక్కటీ తప్పలేదా? అలా అయితే కవాటం ఇంత పాడవడం మేము ఎక్కువగా చూడమమ్మా" అన్నాడు. మళ్ళీ తనే, "ఒక్కొక్కరికి అవుతుందిలెండి" అని రాసుకున్నాడు.

బెలూన్ వేసిన గది చలికి పళ్ళు టకటకలాడాయి. మత్తు తొడ దగ్గర మాత్రమే ఇచ్చారు కాబట్టి నాకు అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. గొట్టం లోపలికి వస్తుంటే నొప్పి లేదు, ఎవరో నా లోపల నడుస్తున్నారన్న ఒక బెదురు మాత్రం ఉంది. తెర మీద బెలూన్ ముందు అవతలివైపు ఉబ్బింది, తర్వాత ఇవతలివైపు. మధ్యలో కవాటం పట్టుకున్న చోట నడుముకి తాడు బిగించినట్టు సన్నగా నొక్కుకుపోయింది. "ఇప్పుడు ఒక్క క్షణం కళ్ళు తిరిగినట్టుంటుందమ్మా" అన్నాడు డాక్టరు. గుండె ఒక మెట్టు తప్పి కింద పడబోయినట్టయింది. కళ్ళు చీకట్లు కమ్మాయి. ఆ సన్నటి నడుము ఒక్కసారిగా విడిపోయి బెలూన్ నిండుగా అయింది, వెంటనే వాడిపోయింది. "తెరుచుకుంది. ఊపిరి తీసుకోండి" అన్నాడు. తీసుకున్నాను. ఆ గాలి ఎక్కడిదాకా వెళ్ళిందో! ఎన్నేళ్ళుగానో ముక్కు మీద తడిగుడ్డ కప్పుకుని బతికానని, అది తీసేశాకగానీ నాకు తెలియలేదు. కాలు కదపకుండా రోజంతా పడుకోబెట్టారు. నేను పైకప్పు చూస్తూ ఊపిరి తీసుకుంటూనే ఉన్నాను. అత్తకి ఈ సంగతి చెప్పాలి, ఎంత సంతోషిస్తుందో అనుకున్నాను.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మళ్ళీ మూడు వారాల పెన్సిలిన్ సూది రాశాడు, కవాటం మళ్ళీ పాడవకుండా. తెనాలిలో ఒక క్లినిక్‌లో నర్సు, మందు ఒంటికి పడుతుందో లేదోనని ముందు చేతిమీద టెస్టు చేసి, అరగంట కూర్చోబెట్టి, తర్వాత చీటీ చూస్తూ మందు కలిపింది. సీసాలో తెల్లటి పాలు. "కొంచెం గట్టిగా నొప్పి ఉంటుందండి, ఓర్చుకోండి" అంది. సూది దిగింది. తొడలో కంకరరాయి దిగింది. పాతికేళ్ళ తర్వాత అదే రాయి, అదే బరువు, అదే మంట. నర్సు దూదితో రుద్దుతూ, "ఏడవకండమ్మా, ఇది ఎవరికైనా ఇంతే నొప్పి. ఇందులో నొప్పి లేని రకం ఇంతవరకూ రాలేదు" అంది. నేను ఏడ్చింది నొప్పికి కాదు. ఆ బల్లమీద బోర్లా పడుకునే నాకు అంతా అర్థమైంది. రెండేళ్ళు నాకు మందు వేశారు. పదేళ్ళు వెయ్యలేదు.

నాలుగు రోజులు ఆగి, కుంటు తగ్గాక ఒంటరిగా బాపట్ల వెళ్ళాను. అత్త అప్పటికి రిటైరై ఒక గది తీసుకుని ఉంటోంది. నన్ను చూసి, "ఎంత తేటగా ఉన్నావే! ముఖంలో రక్తం కనిపిస్తోంది" అని చేతులు పట్టుకుంది. టీ పెట్టబోతుంటే ఆపాను.

"అత్తా, కొత్త మందు అని చెప్పి నాకు వేసింది ఏంటి?"

ఆమె స్టవ్ ఆర్పింది. అగ్గిపెట్టె గూట్లో పెట్టింది. నావైపు తిరగలేదు.

"బలం మందే. ఎర్రగా ఉంటుందే, ఆ బి-ట్వెల్వ్ విటమిను" అంది.

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని నేననుకోలేదు. అబద్ధం చెబుతుందని, పోట్లాడొచ్చని వచ్చాను. ఆమె మంచం మీద కూర్చుని చెప్పింది. నాకు పదకొండేళ్ళప్పుడు నర్సింగ్‌హోంకి నా ఈడు పిల్లను తీసుకొచ్చారు, ఇదే జబ్బు, ఇదే సూది. "టెస్టు కూడా వేశానే. ఏమీ కాలేదు. అసలు సూది తీసి దూది పెట్టేలోపే నీలంగా అయిపోయింది. డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. నా చెయ్యి పట్టుకునే పోయింది. రెండు జడలూ పైకి మడిచి రిబ్బన్లు కట్టి ఉన్నాయి విమలా. ఆ వచ్చే ఆదివారం నీ వంతు. పెట్టె తెరిచాను. నా చెయ్యి రాలేదు."

"నువ్వు వెయ్యలేకపోతే ఇంకొకరు వేసేవాళ్ళు కదా అత్తా."

"వేరేవాళ్ళు వేసినా నువ్వు అలా పోవచ్చు కదే."

"వెయ్యకపోతే కూడా పోతానని నీకు తెలుసు. నువ్వు నర్సువి."

"తెలుసు" అంది. "అది నెమ్మదిగా కదే. ఏళ్ళమీద కదే. ఇది అయితే ఆ పూటే, నా చేతిలోనే" అంది.

ఆమె నన్ను చావు నుంచి కాపాడలేదు. నా చావు తన చేతిలో జరగకుండా చూసుకుంది, అంతే. "రెండోసారి మోకాళ్ళు వాచినప్పుడైనా చెప్పలేకపోయావా?" అన్నాను. "అప్పటికి చెప్పడానికి మొహం ఎక్కడుంది? నువ్వు మెడకి చుట్టుకుని ముద్దులు పెట్టేదానివి. మూడో ఆదివారం కోసం నేను బతికేదాన్ని. ఇరవై రోజులు ఆ ఆదివారం కోసమే డ్యూటీ చేసేదాన్ని. అది పోగొట్టుకోలేకపోయానే" అంది. ఆమె చెప్పినవాటిలో నేను పూర్తిగా నమ్మింది అదొక్కటే.

లేచి బయల్దేరబోతుంటే వెనక నుంచి అంది. "మీ నాన్నకి తెలుసు. ఆ ఆదివారమే చెప్పాను. వెయ్యొద్దన్నాడు. అయినా వస్తూ ఉండు, వేస్తున్నట్టే ఉండు, డాక్టరు మాట తప్పామని వదినకి తెలిస్తే ఊరుకోదు అన్నాడు."

బాపట్ల స్టేషనులో రైలు కోసం కూర్చుని నాన్న ప్రార్థనలు గుర్తు తెచ్చుకున్నాను. ఆయన అబద్ధమాడి ఉంటాడని నమ్మడం కష్టమై, అత్తే అబద్ధం చెప్పిందేమోనని వెతికాను. అప్పుడు తట్టింది. మొదటి రెండేళ్ళూ ఆయన "ఈ మందును దీవించు" అనేవాడు. ఆ తర్వాత ఎన్నడూ ఆ మాట అనలేదు. "ఈ బిడ్డను నీ చేతుల్లో పెడుతున్నాం" అనడం మొదలుపెట్టాడు. దేవుడితో అబద్ధం చెప్పడానికి మా నాన్నకి నోరు రాలేదు. నాతో అయితే వచ్చింది.

ఆ తర్వాత పాతికేళ్ళు అత్తతో నాకు ఉన్నది పలకరింపే. పెళ్ళిళ్ళలో కలిసేవాళ్ళం. ఎవరైనా సూదుల కథ మొదలుపెడితే ఆమె పనున్నట్టు లేచి వెళ్ళిపోయేది. అప్పుడప్పుడూ ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగేది: "ఈసారి సూది వేయించుకున్నావా? నొప్పి పుట్టిందా?" పుట్టింది అనేదాన్ని. "పుట్టాలి" అని పెట్టేసేది. అమ్మకి మాత్రం ఏమీ చెప్పలేదు. పోయిన భర్త గురించి ఆ సంగతి ఆమెకి తెలియకపోవడమే మంచిదనుకున్నాను.

ఆదివారం అమ్మను వెంటబెట్టుకుని బాపట్ల వెళ్ళాను. దారంతా రెండు మంచి మాటలు కూర్చుకున్నాను, అత్త శుభ్రత గురించి, ఆమె ఒంటరితనం గురించి. చర్చిలో ముందు వరసలో అమ్మను కూర్చోబెట్టాను. సుధాకర్ మైకు పట్టుకుని, "ఈ రోజు మా విమలక్క గుండె కొట్టుకుంటోందంటే అది మా అత్త వేసిన సూదుల పుణ్యమే. ఆ సంగతి అక్క నోటితోనే విందాం" అన్నాడు. లేచి నిలబడ్డాను. కూర్చుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు.

"మా అత్త నాకు రెండేళ్ళు మందు సూదులు వేసింది" అన్నాను. "ఆ తర్వాత పదేళ్ళు మందు లేని సూదులు వేసింది. తన చేతిమీదుగా ఒక పిల్ల పోయిందన్న భయంతో అలా చేసింది. ఆ సంగతి నాకు చెప్పలేదు. నా గుండె కవాటం మూసుకుపోయింది. గుంటూరులో బెలూన్ వేసి తెరిచారు కాబట్టి బతికాను. ఇక్కడ ఎవరి పిల్లలకైనా ఆ సూది రాసి ఉంటే, నొప్పి అని మానొద్దండి, భయమని మానొద్దండి. ఆసుపత్రిలో టెస్టు చేయించి, వేయించండి. ఆ పిల్లలకి కూడా అన్నీ చెప్పండి." నాన్న పేరు ఎత్తలేదు. అయ్యగారు గబగబా లేచి ప్రార్థన అందుకున్నారు.

బయట సుధాకర్ నా దారికి అడ్డంగా నిలబడ్డాడు. "పోయిన మనిషి గురించి అలా మాట్లాడతావా అక్కా? చివర్లో కూడా నీ పేరే తలచుకుందామె."

"బతికుండగా ఆమెనే అడిగాను తమ్ముడూ. ఆమె కాదనలేదు."

అతను ముఖం తిప్పుకుని వెళ్ళిపోయాడు. భోజనాలకి ఎవరూ ఉండమనలేదు.

మధ్యాహ్నం రైల్లో జనం లేరు. అమ్మ కిటికీ పక్కన కూర్చుని, చీర కొంగు తల మీదుగా కప్పుకుంది. నిడుబ్రోలు దాటాక బయటకి చూస్తూనే అంది: "మీ నాన్న పేరు ఎందుకు చెప్పలేదు?"

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె పక్కకి జరిగి కూర్చున్నాను.

"నీకు తెలుసా అమ్మా?"

"నీ లంగా మీద ఎర్ర మరక ఉండేది. రక్తమనుకుని నానబెడితే, నీళ్ళు తగలగానే పోయింది. రక్తం అలా పోదు కదా. మరుసటిసారి కూడా అంతే. పాలలాంటి మందు ఎర్రగా ఎందుకైందని మీ అత్తని అడిగాను. కాళ్ళు పట్టుకుంది."

"మరి నాన్నని?"

"అడగలేదు. నాకు తెలుసని ఆయనకి చివరిదాకా తెలియదు."

"నాకెందుకు చెప్పలేదు?"

అమ్మ నావైపు తిరిగింది. "రెండేళ్ళు నువ్వు ఏడ్చిన ఏడుపు నేను విన్నాను విమలా. మూడో ఆదివారం వస్తోందంటే శుక్రవారం నుంచే నాకు అన్నం దిగేది కాదు. ఆ ఏడుపు ఆగిపోయింది. ఆదివారం నువ్వు నవ్వుతూ చర్చికి వచ్చేదానివి. మళ్ళీ ఆ మందు మొదలుపెట్టమని ఏ నోటితో అడగను? నీకేం కాదులే అనుకున్నాను. అలా అనుకుంటూ ఉండిపోయాను."

పాతికేళ్ళుగా ఆమెను కాపాడుతున్నాననుకున్నాను. మా ఇంట్లో నలుగురం ఉంటే, ముగ్గురికి నా గుండె సంగతి తెలుసు. గుంటూరు డాక్టరు నాన్నకి చెప్పాడు, నాన్నకీ అత్తకీ మునగచెట్టు కింద ఒప్పందం కుదిరింది, అమ్మకి ఉతికే నీళ్ళల్లో తెలిసింది. తెలియనిది ఆ గుండె ఎవరిదో ఆ మనిషికే. ఇప్పుడు రిపోర్టు ముందు నా ఫోనుకే వస్తుంది. డాక్టరు తెర నావైపు తిప్పి, నాతోనే మాట్లాడతాడు. అర్థం కాని మాట ఉంటే మళ్ళీ అడుగుతాను. మా ఇంట్లో ఉన్నంత ప్రేమ ఈ ఆసుపత్రుల్లో ఉండదు, నిజమే. మూడు వారాలకొకసారి నాకోసం బస్సెక్కి వచ్చేవాళ్ళు ఎవరూ లేరు. కానీ ఇక్కడ నా చేతికిచ్చే కాగితంలో ఉన్నది నిజం. ఆ ఎండుచేపల వాసనలోకి, ఆ ఇస్త్రీ బట్టల వెచ్చదనంలోకి వెనక్కి వెళతావా అని ఎవరైనా అడిగితే, ఇన్నాళ్ళూ వెళతాననేదాన్ని. ఆ రైల్లో మొదటిసారి వెళ్ళననుకున్నాను.

అమ్మ సీసాలో నీళ్ళు తాగి అడిగింది. "మొన్న గుంటూరు వెళ్ళి పరీక్ష చేయించుకొచ్చావుగా. ఏమన్నాడు డాక్టరు?"

అప్పటిదాకా ఇంట్లో అందరికీ బాగానే ఉందనే చెప్పాను. అమ్మకి ఎనభై దాటాయి. ఇంకొక్కసారి ఆ మాటే అనేస్తే సరిపోయేది.

"మళ్ళీ సన్నబడుతోందమ్మా" అన్నాను. "ఈసారి కవాటం గట్టిపడిపోయింది, సున్నం పట్టినట్టు. బెలూన్‌కి లొంగదేమో అన్నాడు. ఛాతీ తెరిచి కవాటం మార్చాల్సి రావచ్చు. నా వయసుకి అది చిన్న విషయం కాదన్నాడు. వచ్చే నెల తేలుస్తామన్నారు."

అమ్మ చేతిలో నీళ్ళ సీసా ఉంది. మూత పెట్టబోతే రెండుసార్లు తప్పిపోయింది. "ఇదంతా ఇప్పుడు నాకెందుకు చెప్పావే?" అంది.

"నీకు తెలియాలి కాబట్టి."

ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. పర్లేదులే అంటానని, ఏమీ కాదులే అంటానని నా ముఖంలోకి చూస్తూ ఉంది. తెనాలి వచ్చేదాకా ఆమె భయపడుతూనే ఉంది. నేను ఆపలేదు.